అవాంఛనీయ పొంగులు

జూన్ నెలలో శాఖ కింద ఉన్న ముప్పై ఆరు సంస్థల్లో కలిపి జరిగిన అవాంఛనీయ సంఘటనలు పదకొండు వేల నాలుగు వందల ముప్పై ఒకటి. అందులో పదకొండు వేల నాలుగు వందల పన్నెండు ఒక్క గరివలస సంలీన శక్తి పరిశోధనా కేంద్రంలోనే జరిగాయి. మిగిలిన పంతొమ్మిదింటినీ ముప్పై ఐదు సంస్థలు సర్దుకున్నాయి. ఈ లెక్క ఢిల్లీ చేరిన రోజున శాఖలో పెద్దలెవరూ వేళకు భోజనం చేయలేదని చెబుతారు.

గరివలసలో మాత్రం అందరూ వేళకే తిన్నారు. అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ కాలిపోలేదు, ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. జరిగిందల్లా ఏమిటంటే, కేంద్రం పరిపాలనాధికారి కామేశం గారు ఒక పట్టిక పూర్తి చేశారు.

కామేశం గారిది ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఆయన ఏ గడినీ ఖాళీగా వదల్లేదు, ఏ కాగితాన్నీ దాచలేదు. శాఖ నుంచి కొత్తగా వచ్చిన నెలవారీ పట్టికలో అవాంఛనీయ సంఘటనకు నిర్వచనం ఇలా ఉంది: "సాధారణ స్థితికి భిన్నముగా హఠాత్తుగా సంభవించి, ఆవరణ గోడలకు తాకిడి కలిగించు ఏ ఘటన అయినను." ఆయన దీన్ని రెండుసార్లు చదువుకుని, ప్రయోగశాల పక్క గదిలో కూర్చునే డాక్టర్ బెవర కుసుమ దగ్గరికి వెళ్లి, మీ యంత్రంలో ఇలాంటివి జరుగుతాయా అని అడిగారు. కుసుమ కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "షాట్‌కి ఆరు వందలండీ" అంది. ఆ నెల పంతొమ్మిది షాట్లు. ఆయన హెచ్చవేసుకుని, క్యాంటీన్ దగ్గర కోతులు చేసిన పన్నెండు ఆగడాలు కూడా కలిపి, సంతకం పెట్టి పంపేశారు.

ఆ యంత్రం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. కాగితాల మీద దాని పేరు సూర్యగర్భ. మధ్యలో చిల్లుతో గుండ్రంగా ఉంటుంది కాబట్టి పనిచేసేవాళ్లంతా దాన్ని గారె అనేవారు. ఈ గారె లోపల బోలు. ఆ బోలులోకి చిటికెడు హైడ్రోజన్ వాయువు వదిలి కోట్ల డిగ్రీలకు వేడెక్కిస్తే ప్లాస్మా అవుతుంది. అంత వేడిని ఏ గిన్నే ఓర్చుకోలేదు కాబట్టి చుట్టూ అయస్కాంతాలు పెట్టి, గోడలకు అంటకుండా మధ్యలో నిలబెడతారు. ఇలా ఇరవై సెకన్లు నిలబెడితే ఒక షాట్. సూర్యుడిలో జరిగే పనిని నేల మీద జరిపించి కరెంటు తీయాలన్నది ఆశ. ఆశ పాతదే, కరెంటు ఇంకా రాలేదు, అందుకు ఈ కథలోని వాళ్లెవరూ బాధ్యులు కారు.

చిక్కంతా అంచు దగ్గరే. ప్లాస్మాను ఎంత బాగా బిగించి పట్టుకుంటే అంచున అంత ఒత్తిడి పేరుకుంటుంది. పేరుకున్నది ఏదో ఒక క్షణాన పాలు పొంగినట్టు పొంగి, అడుగున పరిచిన టంగ్‌స్టన్ పలకల మీద పడుతుంది. దాన్ని పొంగు అంటారు. దాని మానాన దాన్ని వదిలేస్తే సెకనుకు మూడో నాలుగో పెద్ద పొంగులొస్తాయి, వచ్చిన ప్రతిదీ పలకల ఆయుష్షు కాస్త తినేసి పోతుంది. కుసుమ పదకొండేళ్లుగా చేస్తున్న పని, సగ్గుబియ్యం గింజంత హైడ్రోజన్ మంచు గుళ్లు తయారుచేసి సెకనుకు ముప్పై చొప్పున ఆ అంచులోకి కొట్టడం. గుండు తగిలినప్పుడల్లా ఒక చిన్న పొంగు వస్తుంది. చిన్నవి ముప్పై వచ్చాక పెద్దదానికి సరుకు మిగలదు. పలకలు వేడెక్కి ఊరుకుంటాయి. ఇది నిజంగా పనిచేస్తోందని ఆమెకు ఈ మధ్యే నమ్మకం కుదిరింది. ఇంకో నలభై షాట్లు వరసగా రికార్డయితే చాలు, లోకానికి ధైర్యంగా చెప్పొచ్చు. నలభై మూడేళ్ల మనిషికి ఆ నలభై షాట్లు తప్ప వేరే కోరిక లేకపోవడం ఆమె తల్లికి దిగులుగా ఉండేది గానీ ఆమెకు లేదు.

ఢిల్లీ పెద్దలు పరిస్థితిని సమీక్షించి, గరివలసకు కావలసింది శాస్త్రవేత్త కాదని తేల్చారు. శాంతిభద్రతలు తెలిసిన మనిషిని డైరెక్టర్‌గా పంపారు. ఆయన పేరు అవ్వారి దక్షిణామూర్తి. రిటైరయిన కలెక్టర్. ఏడు జాతరలు, రెండు ఉప ఎన్నికలు, ఒక సినిమా హీరో పుట్టినరోజు ఎలాంటి అవాంఛనీయ సంఘటనా లేకుండా నడిపించిన చరిత్ర ఆయనది.

మొదటి సమావేశంలోనే ఆయన గారె బొమ్మను గోడకు వేయించి, కుసుమను పక్కన నిలబెట్టి ఆరా తీశారు.

"లోపల ఎంతమంది ఉంటారమ్మా?"

"ఒకటి పక్కన ఇరవై సున్నాలు సార్. మనుషులు కాదు, కణాలు."

"ఎవరైనా జనమే కదా. బయటికి దారులెన్ని?"

"ఒకటే సార్. అడుగున."

దక్షిణామూర్తి గారు కామేశం వైపు చూశారు. ఒకటే దారి అని కామేశం రాసుకున్నారు.

"అంచున ఎందుకు గుమిగూడుతున్నారు?"

"మధ్యలో వేడి ఎక్కువ సార్. బయటికి రావాలని చూస్తాయి. అయస్కాంతాలు ఆపుతాయి. ఆపినచోట పేరుకుపోతాయి."

"మధ్యలో సౌకర్యాలు లేవన్నమాట. సరే. ఈ పొంగులు ఎవరు లేవదీస్తున్నారు?"

కుసుమకు అబద్ధం అలవాటు లేదు. "నేనే సార్" అంది.

చిన్నవి మనం తెప్పించకపోతే పెద్దవి వాటంతట అవే వస్తాయనీ, పెద్దవి వస్తే పలకలు కరుగుతాయనీ, పలకలు కరిగితే కొత్తవి రావడానికి అయిదేళ్లనీ ఆమె బొమ్మ మీద వేలు పెట్టి మరీ వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. విన్నాక, "పెద్దవి ఎన్ని వస్తాయి?" అని అడిగారు.

"షాట్‌కి డెబ్బై, ఎనభై దాకా సార్."

"చిన్నవి ఆరు వందలు."

"అవును సార్."

"అంటే ఎనభై సంఘటనలు జరగాల్సిన చోట మీరు ఆరు వందలు జరిపిస్తున్నారు."

పరిమాణం వేరు, సంఖ్య వేరు అని కుసుమ చెప్పబోయింది. పట్టికలో పరిమాణానికి గడి లేదని కామేశం గారు మెల్లగా గుర్తుచేశారు. అది నిజమే.

మర్నాడే మొదటి ఉత్తర్వు వెలువడింది. దాన్ని లామినేషన్ చేయించి గారెకు నాలుగు వైపులా అంటించారు. "సూర్యగర్భ అంచు పరిధిలో ప్లాస్మా గుమిగూడుట ఇందుమూలముగా నిషేధించడమైనది. అలజడి సృష్టించు ఎట్టి చర్యలైనను ఉపేక్షింపబడవు." ఆ సాయంత్రం షాట్‌లో ఆరు వందల పొంగులు వచ్చాయి. ఉత్తర్వు యంత్రం బయట అంటించడం వల్ల లోపలికి కనబడలేదేమోనని ఒక గుమాస్తా అనుమానం వెలిబుచ్చాడు. అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

రెండో ఉత్తర్వు ప్రకారం ప్రతి పొంగుకూ ఒక నివేదిక రాయాలి, ప్రతి నివేదికకూ ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేయాలి. కేంద్రంలో ఉన్నదంతా ఎనభై నలుగురు. ఇరవై సెకన్ల షాట్ ఒకటి జరిగితే ఆరు వందల సంఘాలు కూర్చోవాలి. శాస్త్రవేత్తలు చాలక డ్రైవర్లను, తోటమాలిని కలుపుకున్నారు. క్యాంటీన్ వంటమనిషి నాలుగు వందల పదమూడో పొంగు విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ఆ వారమంతా సాంబారు కూడా అధ్యక్షుడు వండినట్టే ఉంది. ఒక్క షాట్ విచారణ పూర్తవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అన్ని సంఘాల నివేదికలూ ఒకచోట పెట్టి చూస్తే ఒక భయంకరమైన వాస్తవం బయటపడింది. పొంగులన్నీ సరిగ్గా సమానమైన వ్యవధిలో, సెకనుకు ముప్పై చొప్పున వచ్చాయి. ఇంత క్రమశిక్షణ యాదృచ్ఛికం కాదనీ, దీని వెనుక పథకం ఉందనీ సంఘాలు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డాయి.

ఆ క్రమం కోసమే పదకొండేళ్లు కష్టపడ్డానని కుసుమ అనలేదు. అప్పటికి ఆమెకు కొంచెం బుద్ధి వచ్చింది.

మూడో ఉత్తర్వు చిన్నది. "వచ్చే నెల నుండి సంఘటనల సంఖ్య సున్నా ఉండవలెను."

కుసుమ ఆ కాగితం పట్టుకుని చల్లనీళ్ల సెక్షన్‌కి వెళ్లింది. టంగ్‌స్టన్ పలకల కింద గొట్టాల్లో చల్లటి నీళ్లు పారుతుంటాయి. వాటిని చూసుకునే సూపర్‌వైజర్ సన్యాసిరావు ఆ పక్క ఊరివాడే. కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"ఏటి మేడమ్‌గారూ, ఈయన మా గుర్రాలమ్మ జాతరకి కలెక్టర్‌గా వొచ్చినోడే కదా. అప్పుడిలాగ సెయ్యలేదండి. గుడి ముందల జనం మీద జనం పడిపోతుంటే, పక్కన తాడు రెండు నిమిసాలకోపాలి ఎత్తించీవోడు. ఓ యాబై మందిని వొదిలీవోడు, మళ్లీ దించీవోడు. అలాగ సెయ్యకపోతే ఆ యేడు కంచెలు ఇరిగిపోను."

కుసుమకు లేచి నిలబడాలనిపించింది, నిలబడింది. అక్కడి నుంచి నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది.

"సార్, గుర్రాలమ్మ జాతరలో మీరు తాడు ఎత్తించారట. కొద్దికొద్దిగా వదిలారట."

దక్షిణామూర్తి గారి మొహం వెలిగింది. ఆ జాతర సంగతి ఆయన్నెవరూ చాలాకాలంగా అడగలేదు. "వదలక ఏం చేస్తామమ్మా. నాలుగు లక్షల మంది. గట్టిగా పట్టుకుంటే కంచెల మీంచి పడిపోరూ?"

"నేను చేస్తున్నదీ అదే సార్. ఆ మంచు గుండే నా తాడు."

ఆయన తెలివితక్కువ మనిషి కాదు, ఆ మాట ఆయన మీద కోపంతో ఉన్నవాళ్లయినా ఒప్పుకోవాలి. బొమ్మ వైపు చూశారు, అంచు చూశారు, అడుగున దారి చూశారు. అంతా అర్థమైంది. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"తాడు ఎత్తించిన మాట నిజమే. కానీ ఎన్నిసార్లు ఎత్తించానో రికార్డులో రాయలేదమ్మా. రాసి ఉంటే నియమాల ప్రకారం అది రెండు వందల సార్లు కంచె తెగినట్టు లెక్క. నా రిపోర్టులో ఒకటే వాక్యం ఉంది, జాతర ప్రశాంతంగా జరిగింది అని."

"అంటే..."

"మీ గుళ్లు మీరు కొట్టుకోండి. పొంగులు లెక్కపెట్టే ఆ కెమెరా ఏదో ఉందే, దాన్ని మరమ్మతు నిమిత్తం తీసేద్దాం. మీ డేటాలో గుండ్ల ప్రస్తావన వద్దు. గోడ బాగుంటుంది, పట్టిక బాగుంటుంది. ఇద్దరం చల్లగా ఉంటాం."

కుసుమ ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేసింది. రెండు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. కలెక్టర్ చేసిన పని రాయకపోయినా జరిగినట్టే, జనం బతికి ఇళ్లకు వెళ్లారు. శాస్త్రవేత్త చేసిన పని రాయకపోతే జరగనట్టే. ఆ నలభై షాట్లూ జరుగుతాయి, ఆమె అనుకున్నట్టే జరుగుతాయి, కానీ వాటి గురించి ఎప్పుడూ ఎక్కడా ఒక్క ముక్క చెప్పడానికి వీల్లేదు. ఒప్పుకోకపోతే గుళ్లు ఆగిపోతాయి, వారం తిరక్కుండా పలకలు పోతాయి, యంత్రమే ఉండదు. ఆమెకు ఏడుపొచ్చింది. తనకు రావలసిన పేరు గురించి కాదు, ఉన్న సంగతిని లేదనాల్సి వచ్చినందుకు. మూడో రోజు వెళ్లి సరేనంది.

ఆ తర్వాత నాలుగు నెలల్లో నలభై ఒక్క షాట్లు జరిగాయి. సెకనుకు ముప్పై గుళ్లు, ఒక్కటీ తప్పకుండా. కుసుమ బతుకులో అంత అందంగా ఎప్పుడూ యంత్రం నడవలేదు. కెమెరా కళ్లు మూసుకుని ఉంది కాబట్టి ఆ అందం ఎవరికీ తెలియలేదు. క్యాంటీన్ కోతులను కూడా అప్పటికే అడవికి తోలించారు కాబట్టి పట్టికలో వరసగా నాలుగు సున్నాలు పడ్డాయి. కామేశం గారు ప్రతి సున్నా ముందు కలం ఆపి, కెమెరా మరమ్మతు నుంచి ఎప్పుడొస్తుందండీ అని అడిగేవారు. విడిభాగం రావాలని సమాధానం వచ్చేది. ఆయన ఆ సమాధానాన్ని కూడా ఫైల్లో పెట్టుకునేవారు.

గరివలస పేరు మారుమోగింది. గేటు మీద శూన్య సంఘటనల కేంద్రం అని బోర్డు వెలిసింది. ఢిల్లీ నుంచి షీల్డు వచ్చింది. ప్లాస్మా ప్రశాంతతా వారోత్సవాలు జరపాలని శాఖ నిర్ణయించి, చుట్టుపక్కల హైస్కూళ్లలో "అంచున నేనుంటే" అనే అంశం మీద వ్యాసరచన పోటీలు పెట్టించింది. మిగతా సంస్థల డైరెక్టర్లు బస్సుల్లో వచ్చి, గారె చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి, నిషేధపు ఉత్తర్వు నకలు అడిగి తీసుకెళ్లారు.

ఆ బస్సుల్లో ఒకదానిలోనే సిబ్బంది హేతుబద్ధీకరణ బృందం కూడా దిగింది. సంస్థలో ఎవరు దేనికున్నారో చూసి, అక్కర్లేనివాళ్లను తీసేయడం వాళ్ల పని. వాళ్లు మూడు రోజులు ఫైళ్లు తిరగేసి, తేలికైన లెక్క ఒకటి తేల్చారు. ఈ కేంద్రంలో పొంగుల నియంత్రణ విభాగం అని ఒకటుంది. అందులో ముగ్గురు ఉద్యోగులు, ఒక గుండ్ల యంత్రం ఉన్నాయి. నాలుగు నెలలుగా పొంగన్నదే లేదు. "నియంత్రింపవలసిన విషయమే లేనప్పుడు నియంత్రణ విభాగపు ఆవశ్యకత శోచనీయముగా ప్రశ్నార్థకమగుచున్నది" అని రాశారు. వారంలో గుండ్ల యంత్రాన్ని విప్పి అతిథిగృహం వరండాలో పెట్టారు. కుసుమను వారోత్సవాల కన్వీనర్‌గా వేశారు.

కుసుమ పరుగున డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన అప్పటికే తల పట్టుకుని కూర్చున్నారు.

"సార్, వాళ్లకు నిజం చెప్పండి."

"ఏమని చెప్పనమ్మా? పాతిక వేల దాకా పొంగులున్నాయి, నేనే దాచానని చెప్పనా?"

"కనీసం షాట్లు ఆపండి."

"ఆపడానికి కారణం రాయాలి కదా. ప్లాస్మా ప్రశాంతంగా ఉంది కాబట్టి ప్రయోగం ఆపేశామని రాయమంటారా?" ఆయన గొంతు తగ్గించారు. "నాకు తోచింది ఒకటుంది. అయస్కాంతాలు ఇంకా బిగిద్దాం. బందోబస్తు రెట్టింపు చేస్తే అసలు పొంగకుండా ఉండొచ్చేమో."

"కాసేపు ఉంటుంది సార్. ఆ కాసేపటి తర్వాత వచ్చేదాన్ని ఏ పలకా ఆపలేదు."

"ఒక్కటే వస్తుందా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో కుసుమకు అప్పుడు తట్టలేదు. ఒక్కటి చాలు సార్ అని చెప్పి వచ్చేసింది.

వారోత్సవాల ముగింపు రోజున, ఢిల్లీ నుంచి వచ్చిన ఏడుగురు అతిథుల సమక్షంలో, అయస్కాంతాలు రెట్టింపు బిగించి, నలభై రెండో షాట్ వేశారు. కుసుమ పూలదండల పళ్లెంతో వెనక నిలబడింది. మొదటి ఆరు సెకన్లూ ప్లాస్మా గుడిలో దీపంలా నిలకడగా ఉంది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఏడో సెకనులో తెర తెల్లబడి మళ్లీ నల్లబడింది. నేల కింద నుంచి ఒక దెబ్బ వినబడింది, ఆ వెంటనే చల్లనీళ్ల సెక్షన్ నుంచి సన్యాసిరావు గొంతు ఇంటర్‌కమ్‌లో వచ్చింది. "మేడమ్‌గారూ, నీల్లు లోపలికెల్లిపోతన్నాయండి. పలకలు నేవండి ఇంక." కుసుమ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. పక్కనున్న అతిథి అందులోంచి తన దండ తానే తీసుకుని వేసుకున్నారు.

పలకలు కరిగి బెల్లం పాకంలా జారి, గొట్టాల మీద గడ్డకట్టాయి. గారె తెరుచుకోవడానికి ఆరు నెలలు, బాగుపడడానికి అయిదేళ్లు.

అయితే ఆ నెల పట్టికలో సంఖ్య ఒకటి. కెమెరా లేకపోయినా నేలంతా అదిరింది కాబట్టి దాన్ని లేదనడానికి వీల్లేకపోయింది. జూన్‌తో పోలిస్తే సంఘటనలు పదకొండు వేల నాలుగు వందల పన్నెండు నుంచి ఒకటికి తగ్గాయనీ, ఇది చరిత్రాత్మకమనీ శాఖ పత్రికా ప్రకటన ఇచ్చింది. షీల్డు పక్కన ఇంకో షీల్డు పెట్టడానికి గోడకు మేకు కొట్టారు.

ఒక సంఘటన జరిగింది కాబట్టి ఒక నివేదిక కావాలి. నివేదికలో ఏడో గడి ఇలా ఉంది: "సంఘటనను ఎవరేని ముందుగా ఊహించినారా? ఊహించినచో తెలియజేయకపోవుటకు కారణములు." పొంగుల సంగతి తెలిసిన మనిషి కుసుమ ఒక్కతే కాబట్టి ఆ గడి మెమో రూపంలో ఆమె బల్ల మీదికి వచ్చింది. జవాబుకు మూడు రోజులు గడువు.

దక్షిణామూర్తి గారు ఆమెను పిలిపించి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించారు.

"ఊహించలేదని ఒక్క ముక్క రాయండమ్మా. అక్కడితో మూసేస్తాను. మిమ్మల్ని మళ్లీ మీ విభాగంలో వేయిస్తాను."

"నేను మీకు చెప్పాను కదా సార్."

"నాకు చెప్పారు. కాగితం మీద చెప్పలేదు."

"చెప్పొద్దన్నారు."

"అదీ కాగితం మీద లేదమ్మా." ఆయన గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. "మీ మంచికే చెబుతున్నాను. ఊహించానని రాస్తే ఎందుకు ఊహించారో రాయాలి. అది రాస్తే గుళ్ల సంగతి వస్తుంది. ఆ నలభై ఒక్క షాట్లూ బయటికొస్తాయి. అప్పుడు మీ ఉద్యోగమూ పోతుంది, నా సున్నాలూ పోతాయి."

కుసుమ మంచినీళ్లు తాగింది. ఆ షాట్లు బయటికొస్తాయి అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. మిగతా మాటలు వినబడ్డాయి గానీ లెక్కలోకి రాలేదు.

తిన్నగా చల్లనీళ్ల సెక్షన్‌కి వెళ్లింది. పొంగుల లెక్క లేదు, కెమెరా లేదు. తాను గుళ్లు కొట్టిన వేళలు మాత్రం ఇంట్లో ఒక నోటు పుస్తకంలో ఉన్నాయి. కానీ పలకలకు ఏమీ కాలేదనడానికి రుజువేది?

"సన్యాసిరావు గారూ, పలకల వేడి మీరు ఎక్కడైనా రాసేవారా?"

"రాయకేటండి. రిజిస్టరుంది కదా." అతను బీరువా తీసి పొడుగాటి నాలుగు పుస్తకాలు బల్ల మీద పడేశాడు. "షాటుకి ఇరవై పాలీలు రాసీవోల్లం. ఎవులూ అడగనేదు. అడగనేదని మానెస్తామేటి."

పలకల వేడిమికి ఢిల్లీ పట్టికలో గడి లేదు. అందుకే దాన్ని దాచమని ఎవరికీ తోచలేదు. కుసుమ పుస్తకం తెరిచి, వేలితో వరస వెంట పోతూ, నలభై ఒక్క షాట్ల అంకెలూ చదివింది. ఒక్కటీ హద్దు దాటలేదు. ఆ బల్ల మీదే తల ఆన్చి కాసేపు ఏడ్చింది. సన్యాసిరావు పంపు చూసి వస్తానని బయటికి వెళ్లిపోయాడు.

ఏడో గడికి ఆమె జవాబు ముప్పై ఎనిమిది పేజీలు. ఊహించాను, డైరెక్టర్ గారికి నోటిమాటగా చెప్పాను, అంతకుముందు నలభై ఒక్కసార్లు అది జరగకుండా ఇదుగో ఇలా ఆపాను అంటూ, ప్రతి షాట్‌కీ గుళ్ల వేళలు, పక్కన పలకల వేడి, అడుగున గ్రాఫు. మూడో రోజు పొద్దున్నే కామేశం గారి బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి పేజీ చదివి, కళ్లెత్తి ఆమె వైపు చూసి, మళ్లీ చదివి, స్టాంపు సిరాలో అద్ది దిగువన కొట్టారు. ఇన్‌వార్డు నెంబరు వేశారు.

పావుగంటలో దక్షిణామూర్తి గారు స్వయంగా ఆ గదికి వచ్చారు.

"కామేశం, ఆ కాగితం వెనక్కివ్వండి. ఆవిడ మార్చి రాస్తారు."

"నెంబరు పడిపోయిందండీ."

"నెంబరు కొట్టేయండి."

"కొట్టేస్తే ఎందుకు కొట్టేశామో రాయాలండీ" అన్నారు కామేశం గారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన చెప్పింది కూడా నియమమే కాబట్టి, ఎదురు చెప్పానని ఆయనకు తెలియను కూడా తెలియలేదు.

కాగితం ఢిల్లీ వెళ్లింది. నెల తిరిగేసరికి దక్షిణామూర్తి గారిని నదీ తీరాల సుందరీకరణకు మార్చారు. కుసుమను సస్పెండ్ చేసి, ముగ్గురు ప్రొఫెసర్లతో విచారణ సంఘం వేశారు. ఆ ముగ్గురూ ఈ విద్యలోనే తలలు పండినవాళ్లు. నేరాన్ని రుజువు చేయాలంటే అంకెలన్నీ నిజమో కాదో చూడాలి కాబట్టి, వాళ్లు గరివలస వచ్చి, రెండు నెలలు కూర్చుని, ప్రతి షాట్‌నూ మొదట్నుంచి లెక్కగట్టి సరిచూశారు. ఆ తర్వాత అభియోగపత్రం తయారైంది. అధికార రహస్యమేమీ లేనందున నకళ్లు ముప్పై ఆరు సంస్థలకూ, వాటి గ్రంథాలయాలకూ హెచ్చరిక నిమిత్తం పంపారు.

కుసుమకు ఆమె నకలు కామేశం గారే తెచ్చి ఇచ్చారు. క్యాంటీన్ బల్ల మీద, సన్యాసిరావు పక్కన ఉండగా ఆమె విప్పి చదివింది.

"అభియోగము ఒకటి. సదరు ఉద్యోగిని నలభై ఒక్క పర్యాయములు, అనుమతి లేకుండా, సెకనుకు ముప్పై హైడ్రోజన్ మంచు గుళ్లను ప్లాస్మా అంచులోనికి ప్రయోగించి, మొత్తము ఇరవై నాలుగు వేల ఆరు వందల చిన్న పొంగులను బుద్ధిపూర్వకముగా కలిగించినారు. అభియోగము రెండు. తద్వారా పెద్ద పొంగు ఒక్కటియును రాకుండా నిరోధించినారు. పలకల ఉష్ణోగ్రత ఏ షాట్‌లోను ఎనిమిది వందల ఆరు డిగ్రీలు మించలేదనియు, పలకలకు ఎట్టి నష్టము వాటిల్లలేదనియు, ఈ పద్ధతి ఇతర యంత్రములందును ఇదే ఫలితము నీయగలదనియు సంఘము సందేహమునకు తావులేకుండా నిర్ధారించినది. అభియోగము మూడు. ఇంతటి విషయమును శాస్త్రలోకమునకు తెలియనీయకుండా దాచినారు."

వెనక అనుబంధాలున్నాయి. నలభై ఒక్క పట్టికలు, గ్రాఫులు, ముగ్గురు ప్రొఫెసర్ల సంతకాలు. ఆమె ఒక్కో పేజీ తిప్పుతుంటే సన్యాసిరావు ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"పేనం తీసేత్తారేటి మేడమ్‌గారూ?" అన్నాడు.

"ఉద్యోగం తీసేస్తారు" అంది కుసుమ. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ఆఖరి పేజీలో జవాబుకు స్థలం వదిలారు. అభియోగములను అంగీకరించుచున్నారా, నిరాకరించుచున్నారా. గడువు పది రోజులుంది. కుసుమ సన్యాసిరావు జేబులోంచి కలం అడిగి తీసుకుని, అక్కడికక్కడే రాసింది.

"మూడు అభియోగాలనూ అంగీకరిస్తున్నాను. రెండో అభియోగంలో ఒక సవరణ. ఉష్ణోగ్రత ఎనిమిది వందల ఆరు అని ఉంది. ముప్పై మూడో షాట్‌లో ఒకసారి ఎనిమిది వందల అరవై దాకా వెళ్లింది, చల్లనీళ్ల రిజిస్టరు మూడో పుస్తకం, డెబ్బై రెండో పేజీ చూడగలరు. అన్ని నకళ్లలోనూ సరిచేయించవలసిందిగా ప్రార్థన."